మేకన్ దాటితే పాత సముద్రమే

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా నగరానికి ఉత్తరంగా సుమారు 40 మైళ్ల దూరాన ఉన్న కమ్మింగ్ పట్టణానికి సముద్రంతో పైకి కనిపించే సంబంధం ఏదీ లేదు. ఫోర్సైత్ కౌంటీకి కేంద్రమైన ఈ ఊరివారికి నీటి ఒడ్డు అంటే, 1950లలో చట్టహూచీ నదికి అడ్డంగా బ్యూఫోర్డ్ ఆనకట్ట కట్టినప్పుడు ఏర్పడిన లేనియర్ జలాశయమే. 2020 జనగణన నాటికి కౌంటీ జనాభా 2,51,283 కాగా, అందులో ఆసియా మూలాలవారు ఆరింట ఒక వంతుకు మించి ఉన్నారు; వారిలో తెలుగువారి పాలు ఎంతటిదో దక్షిణ ఫోర్సైత్‌లో ఏ బడి ముందరైనా సాయంత్రంవేళ పిల్లల కోసం బారులు తీరిన కార్ల దగ్గర వినిపించే మాటలే చెబుతాయి. బడులకు వసంత సెలవులు రాగానే ఈ కుటుంబాలు పులిహోర, పెరుగన్నం డబ్బాలు సర్దుకుని ఫ్లోరిడా తెల్ల ఇసుక తీరాలకో, ఆర్లాండో వినోద కేంద్రాలకో, స్మోకీ పర్వతాలకో బయలుదేరుతాయి తప్ప, దాదాపు 300 మైళ్ల దూరంలో, ఐదు గంటల ప్రయాణంలో అందే సొంత రాష్ట్రపు తీరాన్ని అంతగా లెక్కలోకి తీసుకోవు. సవానా నగరం పక్కనున్న టైబీ ద్వీపంలో ఇసుక బూడిద వన్నెలో ఉంటుందనీ, నీళ్లు బురదగా ఉంటాయనీ వారి ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో అబద్ధం లేదు; అయితే ఆ బురదను మోసుకొచ్చే నదులు, వాటి అడుగునున్న పాత పొరలు, ఆ పొరలను తవ్వి కదిలించే ఓడరేవు పనులు లేకపోతే, ఆ ఒడ్డున లక్షల ఏళ్లనాటి సొరచేపల పళ్లు పిల్లల చేతికి దొరికేవి కావు.

జార్జియా తీరాన్ని చూడదలచినవారికి ఆ తీరం టైబీలో మొదలుకాదన్న సంగతి ముందుగా తెలియాలి. భూగర్భశాస్త్రం ప్రకారం అది అంతకు చాలా ముందే, కమ్మింగ్ నుంచి 120 మైళ్లు కూడా వెళ్లకుండానే, మేకన్ నగరం దగ్గర మొదలవుతుంది.

కమ్మింగ్ నిలిచి ఉన్న నేల పీడ్‌మాంట్ అనే పీఠభూమి ప్రాంతానికి చెందినది. ఇక్కడి ఇళ్ల పెరళ్లలో పార వేస్తే బయటపడే ఎర్రమట్టి నైస్, షిస్ట్ అనే రాళ్లు యుగాల తరబడి చివికి ఏర్పడినది. ఈ రెండూ రూపాంతర శిలలు. అంటే భూమి లోతుల్లో విపరీతమైన వేడికి, ఒత్తిడికి గురై తొలి రూపాన్ని పోగొట్టుకున్న రాళ్లు. వాటిలో ఒకప్పుడు జీవుల అవశేషాలు ఏవైనా ఉన్నా, ఆ మార్పులోనే చెరిగిపోయాయి. పొరుగున ఉన్న డలోనెగాలో 1829 ప్రాంతంలో జనం బంగారం కోసం ఎగబడడానికి కారణమైన లోహాన్ని ఈ రాళ్లు దాచుకున్నాయి గాని, ఒక్క గవ్వ గుర్తును కూడా దాచుకోలేదు. అందుచేత పెరట్లో డైనోసార్ ఎముకలు వెతికే కమ్మింగ్ పిల్లవాడికి నిరాశ తప్పదు. ఆ లోపం పిల్లవాడిది కాదు, నేలది.

దక్షిణానికి వెళ్లేకొద్దీ ఈ గట్టి రాళ్ల ప్రాంతం ఒక గీత గీసినట్టు ముగుస్తుంది. కొలంబస్, మేకన్, అగస్టా నగరాలను కలుపుతూ రాష్ట్రానికి అడ్డంగా సాగే ఆ హద్దును ఫాల్ లైన్ అంటారు. గట్టి రాతి మీది నుంచి మెత్తని నేల మీదికి దిగేచోట నదులు చిన్న చిన్న జలపాతాలుగా దూకడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. పడవలు అక్కడికి మించి ఎగువకు పోలేవు గనుక సరుకు దించుకునే రేవులుగా ఆ నగరాలు పెరిగాయి. దానికంటే పాత సంగతి మరొకటి ఉంది. డైనోసార్లు తిరిగిన క్రిటేషియస్ యుగపు చివరి భాగంలోనూ, ఆ తర్వాత సుమారు 5.6 కోట్ల ఏళ్ల నుంచి 3.4 కోట్ల ఏళ్ల క్రితం దాకా నడిచిన ఇయోసీన్ యుగంలో పలుమార్లూ సముద్రం ఈ హద్దు దాకా వచ్చింది. పీడ్‌మాంట్ రాళ్లలోని ఖనిజాలు చివికి, నదుల వెంట కొట్టుకొచ్చి, ఆనాటి తీరపు మడుగుల్లో పేరుకోగా ఏర్పడినదే కేయోలిన్ అనే తెల్లని మెత్తటి బంకమట్టి. కాగితానికి నునుపు తేవడానికి, పింగాణీ చేయడానికి పనికొచ్చే ఈ మట్టి గనులు మేకన్‌కు తూర్పున విస్తారంగా ఉన్నాయి. ఆ మట్టిమీద ఉండే సముద్రపు పొరల్లో సొర పళ్లు బయటపడుతుంటాయి. సముద్రం నేడు ఆ గనులకు 130 మైళ్లకు పైగా దూరంలో ఉంది.

మేకన్ నుంచి సవానాకు పోయే 16వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి సుమారు 166 మైళ్లు. ఎత్తుపల్లాలు లేకుండా, పైన్ చెట్ల మధ్య సూటిగా సాగే ఈ దారిని విసుగు పుట్టించే దారిగా జార్జియావాసులందరూ చెప్పుకుంటారు. ఆ చదునుకు కారణం అది సముద్రపు అడుగు కావడమే. అలలు పరిచి వెళ్లిన ఇసుక, బంకమన్ను, సున్నపురాతి పొరల మీద కారు పోతోందని వెనక సీట్లోని పిల్లలకు చెబితే, ఆ రెండున్నర గంటలు ఎంతో కొంత తేలికపడవచ్చు.

ఈ దారికి ఉత్తరంగా, సవానా నది ఒడ్డున, బర్క్ కౌంటీలో వోగ్‌ట్ల్ అనే అణువిద్యుత్ కేంద్రం ఉంది. దాన్ని కడుతుండగా 1983లో తవ్వకంలో పెద్ద ఎముకలు బయటపడ్డాయి. పరిశోధకులు ఆ ఎముకలను శ్రమకోర్చి పరిశీలించి, అవి సుమారు 4 కోట్ల ఏళ్లనాటి ఆదిమ తిమింగలానివని తేల్చి, 1998లో దానికి జార్జియాసీటస్ వోగ్‌ట్లెన్సిస్ అని పేరు పెట్టారు. సుమారు 11 అడుగుల పొడవున్న ఈ ప్రాణికి తుంటి ఎముక ఉంది గాని, అది వెన్నెముకతో అతుక్కుని లేదు. కనుక వెనక కాళ్లు దేహభారాన్ని నేల మీద మోసే స్థితిలో లేవు. నేల మీద నడిచిన పూర్వీకులకూ, నేటి తిమింగలాలకూ మధ్య దశలో నిలిచిన జీవి ఇది.

తెలుగు కుటుంబాలకు ఈ ఎముకలు ప్రత్యేకంగా చూడదగినవి కావడానికి వేరే కారణం ఉంది. తిమింగలాల వంశం పుట్టింది భారత ఉపఖండపు ఒడ్డునే. భారత భూఖండం ఆసియాను ఢీకొంటున్న కాలంలో ఆ రెంటి మధ్య ఉన్న టెథిస్ సముద్రపు అంచుల్లో, నేటి పాకిస్తాన్‌లో, దాదాపు 5 కోట్ల ఏళ్ల క్రితం నాలుగు కాళ్ల పాకిసీటస్ జీవించింది. కాశ్మీర్ ప్రాంతంలో ఎ. రంగారావు అనే భారతీయ భూగర్భశాస్త్రవేత్త సేకరించి 1971లో వివరించిన ఇండోహ్యూస్ అనే చిన్న గిట్టల జంతువు తిమింగలాలకు దగ్గరి చుట్టమని, ఆయన మరణించిన చాలా ఏళ్లకు, ఆయన దాచిపెట్టిన రాళ్లలోని పుర్రెను పరిశీలించిన హాన్స్ థెవిసెన్ బృందం 2007లో ప్రకటించింది. తిమింగలాలకు మాత్రమే ప్రత్యేకమని అనుకున్న చెవి ఎముక నిర్మాణం ఆ పుర్రెలో కనిపించడమే అందుకు ఆధారం. ఉపఖండం నుంచి ఆఫ్రికా తీరాల మీదుగా, అట్లాంటిక్ దాటి, కోటి ఏళ్లలోపే ఈ వంశం జార్జియాకు చేరింది. కమ్మింగ్‌లో స్థిరపడినవారి కంటే ముందే అదే దిక్కు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు ఉన్నారన్నమాట. జార్జియాసీటస్‌ను స్టేట్స్‌బరో పట్టణంలోని జార్జియా సదరన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో చూడవచ్చు. రహదారి నుంచి పక్కకు తిరిగితే ఆ ఊరు ఎంతో దూరం కాదు. తీరానికి ముందు అక్కడ ఆగడం ఈ ప్రయాణంలో అన్నిటికంటే సద్వినియోగమయ్యే గంట.

స్టేట్స్‌బరో దాటాక సముద్రం వెనక్కి తగ్గిన గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మంచుయుగాలలో ధ్రువాల దగ్గర మంచు పేరుకున్నప్పుడు సముద్రమట్టం తగ్గి, కరిగినప్పుడు పెరిగింది. నిలిచిన ప్రతిచోటా ఇసుక దిబ్బల వరుసను వదిలింది. నేటి మట్టానికి సుమారు 100 అడుగుల ఎత్తున ఉన్న వరుసను వికోమికో అనీ, 25 అడుగుల దగ్గరి దానిని పామ్లికో అనీ, ఐదడుగుల దగ్గరి దానిని సిల్వర్ బ్లఫ్ అనీ పిలుస్తారు. కడపటిది దాదాపు 40 వేల ఏళ్ల నాటిది. సముద్రం ముందుకు వచ్చినట్టే వెనక్కీ పోయింది. సుమారు 20 వేల ఏళ్ల క్రితం నీటిమట్టం నేటికంటే 120 మీటర్లు తక్కువగా ఉండి, ఒడ్డు అరవై మైళ్లకు పైగా తూర్పున ఉండేది. ఆనాడు నేలగా ఉన్న భాగంలోనే ఇప్పుడు సాపెలో ద్వీపానికి ఆవల గ్రేస్ రీఫ్ అనే నీటమునిగిన రాతి దిబ్బ ఉంది. 1981లో దాన్ని జాతీయ సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు.

సవానాకు దక్షిణాన ఉన్న స్కిడవే ద్వీపం సిల్వర్ బ్లఫ్ కాలపు పాత ఇసుక మీద నిలిచినది. అక్కడ 1822-23 ప్రాంతంలో ఒడ్డు కోసుకుపోయిన చోట విపరీతమైన పరిమాణంలో ఎముకలు కనిపించాయి. అవి నేల మీద నడిచిన మహాకాయ స్లాత్‌వి. నేడు మధ్య, దక్షిణ అమెరికాల్లో చెట్ల కొమ్మలకు వేలాడుతూ కదిలీ కదలనట్టుండే స్లాత్‌కు ఇది పెద్ద చుట్టం. మూతి నుంచి తోక దాకా 20 అడుగులు, బరువు మూడు టన్నులకు పైమాట. ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే 1796లో దక్షిణ అమెరికా ఎముకలను బట్టి మెగాథీరియం అని పేరు పెట్టిన జంతువు ఇదేనని అప్పట్లో అనుకున్నారు; దీన్ని ఎరెమోథీరియం అనే వేరే ప్రజాతిగా తర్వాతి కాలం గుర్తించింది. ఉత్తర అమెరికాలో ఈ జంతువు ఎముకలు దొరకడం అదే తొలిసారి. 1838-39లో బ్రన్స్‌విక్ దగ్గర కాలువ తవ్వుతుండగా మరిన్ని ఎముకలు, వాటితో పాటు మామత్, మాస్టోడాన్ అనే ఏనుగు జాతి జంతువుల అవశేషాలు బయటపడగా, జేమ్స్ హామిల్టన్ కూపర్ అనే భూస్వామి వాటిని సేకరించాడు. సవానాలో నివసించిన విలియం హాడ్జ్‌సన్ 1846లో వీటన్నిటి మీద ఒక గ్రంథం ప్రచురించాడు. ఆధునిక భూగర్భశాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడైన చార్లెస్ లైల్ అదే కాలంలో ఈ తీరానికి వచ్చి చూసి, అంతరించిన ఈ జంతువుల ఎముకల పక్కన ఉన్న గవ్వలు నేడు అదే సముద్రంలో బతికే జాతులవేనని గమనించాడు. పెద్ద జంతువులు పోయాయి, చిన్న గవ్వలు మిగిలాయి. ఆ తేడాకు కారణం మీద వాదాలు నేటికీ ముగియలేదు. స్కిడవే రాష్ట్ర ఉద్యానంలోని సందర్శక కేంద్రంలో 20 అడుగుల స్లాత్ నమూనా నిలబడి ఉంది. తీరంలోని పార్కులన్నిటిలో పిల్లలతో తప్పక చూడవలసినది ఇదే.

ఈ చరిత్రలో పేర్లు నమోదైనవారంతా భూస్వాములు, వైద్యులు, దౌత్యవేత్తలు. పార పట్టి ఎముకలను బయటికి తీసినవారిలో ఎక్కువమంది బానిసలు. వారి జ్ఞానానికి ఒక సాక్ష్యం పొరుగు రాష్ట్రం దక్షిణ కరోలినాలో మిగిలింది. 1725 ప్రాంతంలో చార్ల్స్‌టన్ దగ్గర స్టోనో అనేచోట నేలలోంచి పెద్ద దంతాలు బయటపడగా, ఆఫ్రికాలో పుట్టి అక్కడికి తేబడిన బానిసలందరూ అవి ఏనుగు దవడ పళ్లని ఏకాభిప్రాయంతో చెప్పారని మార్క్ కేట్స్‌బీ అనే ప్రకృతి శాస్త్రవేత్త రాసిపెట్టాడు. అవి మామత్ దంతాలు. ఐరోపా మూలాల పండితులు కొందరు అలాంటి వాటిని ప్రళయకాలపు రాక్షసుల పళ్లని తలపోస్తున్న రోజులవి. ఉత్తర అమెరికాలో వెన్నెముక గల జంతువు శిలాజాన్ని సరిగా గుర్తించిన తొలి సందర్భంగా దీన్ని నేటి చరిత్రకారులు లెక్కిస్తున్నారు. ఏనుగును చూసినవాడే ఏనుగు పన్నును గుర్తుపడతాడు. గుడి ఏనుగులను ఎరిగిన తెలుగువారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక టైబీ. నదులు తెచ్చిన ఇసుకతో కొన్ని వేల ఏళ్లలోనే ఏర్పడిన లేత ద్వీపం ఇది. దాని మీద లక్షల, కోట్ల ఏళ్లనాటి పళ్లు ఎలా దొరుకుతున్నాయన్న ప్రశ్న సహజమే. సవానా నది అడుగున మయోసీన్ యుగపు, అంటే సుమారు 2.3 కోట్ల నుంచి 53 లక్షల ఏళ్ల నాటి, ఫాస్ఫేట్ నిండిన బంకమట్టి పొరలు ఉన్నాయి. సవానా దేశంలోని పెద్ద ఓడరేవులలో ఒకటి గనుక, ఓడల దారి లోతు కోసం నది అడుగును తరచు తవ్వుతుంటారు. 47 అడుగుల లోతుకు తవ్వే భారీ పని 2022లో ముగిసింది. అలా తీసిన మట్టి, పళ్లతో సహా, నది ఒడ్డున దిబ్బలుగా పడుతుంది. టైబీ ఒడ్డు కోతకు గురవుతున్నందున 1970ల నుంచి సముద్రపు అడుగు ఇసుకను తెచ్చి ఒడ్డున నింపడం కూడా సాగుతోంది. ఇక్కడి నీటి అడుగు ఏమేం దాచుకుందో ఎవరికీ పూర్తిగా తెలియదు. 1958లో గాలిలో ఢీకొన్న ఒక యుద్ధవిమానం దగ్గరలోనే జారవిడిచిన 7,600 పౌండ్ల అణుబాంబు నేటికీ దొరకలేదు.

సొర అస్థిపంజరం ఎముకతో కాక మృదులాస్థితో, అంటే మన చెవిడొప్పలో ఉండే మెత్తని పదార్థం వంటి దానితో, ఏర్పడుతుంది గనుక చనిపోగానే కుళ్లిపోతుంది. పళ్లు మాత్రం గట్టివి. అవి ఊడుతూ, వెనక వరుసల నుంచి కొత్తవి ముందుకు వస్తూ, ఒక్క సొర జీవితకాలంలోనే వేలకు వేలు రాలుతాయి. రాలిన పన్ను తెల్లగా ఉంటుంది. మట్టిలో కూరుకున్నాక, చుట్టూ ఉన్న నీటిలోని ఖనిజాలు దానిలోకి చేరి రంగు మారుస్తాయి. ఫాస్ఫేట్ పొరల్లో అది నల్లగా అవుతుంది. కాబట్టి రంగు పన్ను ఏ మట్టిలో ఉందో చెబుతుంది, వయసు చెప్పదు. నల్లనిదల్లా కోట్ల ఏళ్లదని పిల్లలకు చెప్పడం తగదు. ఐరోపాలో వీటిని చాలాకాలం పాముల నాలుకలు రాయిగా మారినవని నమ్మి విషానికి విరుగుడుగా ధరించేవారు. 1666లో ఇటలీలోని లివోర్నో దగ్గర చిక్కిన ఒక పెద్ద సొర తలను కోసి చూసిన నికొలాస్ స్టెనో, ఆ రాళ్లు సొర పళ్లేనని నిరూపించాడు. జార్జియా 1976లో సొర పన్నునే తన రాష్ట్ర శిలాజంగా ఎంచుకుంది.

వెతకడానికి అనువైన వేళ, సముద్రం పోటు నుంచి ఆటుకు తిరిగి, గవ్వల ముక్కల వరుసను ఒడ్డున వదిలిన తర్వాతి రెండు మూడు గంటలు. తీరం లోపలికి వంగి ఉండడం వల్ల ఇక్కడ ఆటుపోట్ల తేడా సగటున ఏడడుగుల దాకా ఉంటుంది. విశాఖ ఒడ్డును చూసిన కళ్లకు ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది. నల్ల గవ్వ ముక్క వంపు తిరిగి, అంచున పొరలు పొరలుగా కనిపిస్తుంది. పన్నుకు మెరిసే మొన, మెరుపు లేని వేరు స్పష్టంగా వేరుపడి ఉంటాయి. సన్నగా సూదిలా ఉండి మొదట్లో చిన్న చిన్న కొనలు గలవి శాండ్ టైగర్ సొరవి. ఒకవైపు వంగి, రంపపు అంచుతో ఉన్నవి టైగర్ సొరవి. మెగలడాన్ అనే మహాసొర పన్ను అరచేతిని మించవచ్చు గాని, ఆ ఆశతో వచ్చిన కుటుంబం ఖాళీ చేతులతో తిరిగిపోయే అవకాశమే ఎక్కువ. ఆ సొర సుమారు 36 లక్షల ఏళ్ల క్రితం అంతరించింది. గోరంత పళ్లు మాత్రం ఓపిక ఉన్నవారికి దొరుకుతాయి. ఓపిక విషయంలో పెద్దల కంటే పిల్లలు, వారి కంటే నడుం వంచి ముగ్గులు పెట్టిన అమ్మమ్మలు నయం.

కొన్ని నియమాలు పాటించాలి. ప్రాణం ఉన్న గవ్వను గాని, సముద్రపు నక్షత్రాన్ని గాని తీయరాదు. ఇసుక దిబ్బల మీది సీ ఓట్స్ గడ్డిని కోయడం రాష్ట్రంలో నేరం. మే నుంచి అక్టోబరు దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం గనుక రాత్రివేళ ఒడ్డున దీపాలు వేయరాదు, తవ్విన గుంటలను పూడ్చకుండా వదలరాదు. టైబీ ఉత్తరపు కొనలో నది సముద్రంలో కలిసేచోట ప్రవాహం బలమైనది. పన్ను కోసం పిల్లలు నీటిలోకి దిగనక్కరలేదు, దిగనివ్వరాదు. జాతీయ వన్యప్రాణి ఆశ్రయాలలో సాధారణంగా ఏదీ తీయనివ్వరు. దక్షిణ కొసన ఉన్న కంబర్లాండ్ ద్వీపంలో సొర పళ్లు, ఖాళీ గవ్వలు ఏరుకోవడానికి అనుమతి ఉంది. దక్షిణ కరోలినాలో నీటి అడుగు నుంచి శిలాజాలు తీయడానికి లైసెన్సు కావాలి.

స్వదేశానికి వెళ్లినప్పుడు కూడా ఇదే చూపు పనికివస్తుంది. రాజమహేంద్రవరం దగ్గరి కాతేరు, గోదావరికి ఆవలి ఒడ్డున పంగిడి ప్రాంతాల రాతి క్వారీలలో, దక్కను లావా పొరల మధ్య సముద్రపు జీవుల అవశేషాలు ఉన్నాయి. డైనోసార్లు అంతరించిన కాలానికీ ఆ లావాకూ ఉన్న సంబంధాన్ని తేల్చడానికి ప్రపంచ శాస్త్రవేత్తలు ఆ క్వారీలకు వచ్చారు. తెలంగాణలోని యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. సెలవులకు అమ్మమ్మగారింటికి వెళ్లే అమెరికా పిల్లలకు ఈ రెండూ చూపించే తల్లిదండ్రులు అరుదు. ఎందుకో గాని, మాల్‌లు మాత్రం ఎవరూ వదలరు.

టైబీకి బయలుదేరే ముందు ఒక ఆదివారం కమ్మింగ్ నుంచి గంట దూరంలో ఉన్న కార్టర్స్‌విల్ టెల్లస్ సైన్స్ మ్యూజియంలో శిలాజాల విభాగం చూడడం మంచి సన్నాహం. ప్రయాణం రోజున ఆ నాటి ఆటుపోట్ల పట్టిక చూసుకోవాలి. దొరికిన ప్రతి పన్నునూ ఒక చిన్న సంచిలో వేసి, దొరికిన చోటు, తేదీ పిల్లల చేతనే చీటీ మీద రాయించాలి. ఆ చీటీ లేని శిలాజం శాస్త్రానికి దాదాపు నిరుపయోగం. ఎముకలాగా పెద్దది ఏదైనా నేలలో కూరుకుని కనిపిస్తే పెకలించకుండా ఫొటో తీసి, జార్జియా సదరన్ మ్యూజియం వంటి సంస్థకు తెలియజేయాలి.